చౌడేశ్వరి తెర

తలుపు మూసిన 1వ రోజు. పంపు దెబ్బలు 96.

నా బిడ్డ పేరు రాతికెక్కింది! ఈ గాలి పుస్తకంలో రోజుకొక అంకె రాసి పక్కన పెట్టెయ్యాలని అందరూ చెబుతారు. ఈ రోజు ఒక్క అంకెతో ఊరుకోవడం నా వల్ల కాదు. అరవై ఎనిమిదేళ్ళ వయసులో, ఐదో తరగతితో బడి మానేసిన నాకు, ఇంత సంతోషం ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

పొద్దున పై తలుపు మూసేశాం. సందులకు చివరి బంకమట్టి పూసింది నేనే. ఇంక డెబ్బై అయిదు రోజులు, పైన వడగాలి చల్లారి మొదటి వాన పడేదాకా, మేం మూడువందల పన్నెండు మందిమీ ఈ సున్నపురాతి గుహలో, మా గవిలోనే. మట్టి పూస్తుండగానే అవతలి రాయి వేడెక్కడం అరచేతికి తెలిసింది. ప్రతి ఏడూ ఆ క్షణంలో నా గుండె ఒకసారి జారుతుంది. ఈ ఏడు జారలేదు. చెయ్యి కడుక్కుని నేరుగా పేర్ల గోడ దగ్గరికి పరుగెత్తాను.

మా గవిలో ఏ యంత్రం మీద చెయ్యి వేసినా ముందు దాన్ని మనకిచ్చిన వాళ్ళ పేరు పలకాలి. మందుల గదిలో ఫోలిక్ ఆసిడ్ మాత్ర చేతిలో పెట్టేటప్పుడు యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు చెబుతారు. నీళ్ళ గేటు ఎత్తేటప్పుడు విశ్వేశ్వరయ్య గారి పేరు. నేను రోజూ చెప్పేది జోసెఫ్ బ్లాక్ దొర పేరు. ఎన్నో తరాల కింద, స్కాట్లండు అనే చలి దేశంలో, తేట సున్నపు నీళ్ళలోకి మనిషి వదిలిన గాలి పంపి, అవి పాలలా తెల్లబడటం చూపించినాయన ఆయనే. నా ఉద్యోగమంతా ఆయన పెట్టిన భిక్ష. అన్నిటికంటే పల్లంగా ఉన్న గుంట దగ్గర కూర్చుంటాను. గ్లాసులో తేట సున్నపు నీళ్ళు పోసి, దాని కింద నల్ల గీత గీసిన కాగితం పెట్టి, చిన్న పంపుతో గవి గాలిని ఆ నీళ్ళలోకి కొడతాను. ఎన్ని దెబ్బలకు గీత కనిపించకుండా పోతే అది ఆ రోజు అంకె. అంకె పెద్దదైతే గాలి మంచిది. నలభైకి దిగితే పిల్లలు లేవలేరు. పాతికకు దిగితే పెద్దవాళ్ళూ లేవరు. పీల్చే గాలికి కొరత లేదు, పైనున్న ఎండ పలకల కరెంటుతో నీళ్ళ నుంచి తీస్తాం. వదిలిన గాలికే పోయే దారి లేదు. దాన్ని సున్నం తాగాలి.

మొన్నటిదాకా ఆడవాళ్ళు తొట్లలో సున్నం కలుపుతూ కూర్చునేవాళ్ళు. చేతులు బొబ్బలెక్కేవి, కళ్ళు మండేవి. మా ఈరమ్మ, నా ఇల్లాలు, అట్లాగే కళ్ళు పోగొట్టుకుని పోయింది. ఆ ఈరమ్మ కూతురు ఏం చేసిందో చూడండి! గోనె పట్టలకు తడి సున్నం మెత్తి, వాటిని గొలుసు మీద వేలాడదీసి, చేత్తో గొలుసు లాగుతుంటే ఫ్యాను గాలికి అడ్డంగా తిరిగేట్టు చేసింది. ఆరు రోజులకొకసారి పట్టలు మార్చితే చాలు. నిరుడు తొమ్మిది రోజులు తిప్పి చూశారు. ఎవరి చెయ్యీ కాలలేదు. అందరూ శభాష్ అన్నారు. ఇప్పుడు గోడ మీద రాతిలో ఇట్లా ఉంది: "తెర. చౌడేశ్వరి. ఈరమ్మ, మద్దిలేటిల బిడ్డ. మందం వేలెడు."

ఆ వేలెడు మందం నా మాట! ఎంత మందం మెత్తాలని బిడ్డ నన్నడిగింది. నలభై ఏళ్ళు గోడలకు సున్నం వేసినవాణ్ణి, చెప్పాను. ఆ అక్షరాలు చెక్కింది కూడా నేనే, మూడు రోజులు పట్టింది.

2వ రోజు. 95.

పేరు ఎక్కిన ఇంటివాళ్ళు ఆ రాయి కింద గోడకు ఒక పూత సున్నం కొట్టడం ఆనవాయితీ. నేను మేముండే సందు మొత్తం కొట్టేశాను. ఈ కొస నుంచి ఆ కొసకు, కప్పుతో సహా! సామాన్ల గది చూసుకునే దస్తగిరి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏం మామా, పెండ్లివారిల్లు చేసినావే? నాలుగు డ్రమ్ములు! బిడ్డ పేరుకు ఒగ మూర గోడ చాలదా?"

"చాలదప్పా. నాకుండేది ఒగతే బిడ్డ."

"ఒగతే బిడ్డని గవినంతా ముంచుతావా? ఇది సోకుల సున్నం కాదు, ఊపిరి సున్నం. బట్టీలో కాల్చాలంటే తలుపు తెరిసేదాకా కాదు."

"తిట్టు దస్తగిరీ, ఇయ్యాల నువ్వెంత తిట్టినా నాకు పాట మాదిరే వినపడతాది."

వాడు నవ్వాపుకోలేక పోయాడు. చౌడేశ్వరి మాత్రం సందంతా చూసి, "శానా చేసినావు నాయనా, సిగ్గయితాంది," అంది. సిగ్గు ఎందుకు, నా తల్లీ!

6వ రోజు. 87.

మొదటి పట్టలు మార్చారు. నేనూ ఒక చెయ్యి వేశాను. గట్టిపడిన పట్టలు తీసి చచ్చిన సున్నం గుట్టలో పడేశాం, తలుపు తీశాక బట్టీకి పోతాయి. కొత్త పట్టలు ఎక్కించేముందు అందరూ కలిసి "చౌడేశ్వరి" అన్నారు. ఇరవై గొంతులు! నాకు కళ్ళు తడిశాయి. ఆ పేరుకు గవి కప్పు కూడా బదులు పలికింది.

9వ రోజు. 78.

నిరుడు ఇదే రోజు 89 ఉంది. పుస్తకం వెనక్కి తిప్పి రెండుసార్లు చూశాను. నా పంపు వాషరు అరిగి ఉంటుంది. కొత్తది వేశాను. కొట్టాను. 78.

గవి అన్నాక ఇంతే. రెండువందల పదకొండు అడుగులు నడిస్తే ఆ కొస వస్తుంది, తిరిగి నడిస్తే ఈ కొస. నాలుగు చోట్ల తల వంచాలి. తొమ్మిదో రోజు కల్లా అందరూ వంచాల్సిన చోటు రాకముందే వంచేస్తారు. రాయి చెమ్మతో కారుతుంది, గుడ్డలు ఆరవు, అవతలి వాళ్ళు మింగే అన్నం చప్పుడు కూడా వినపడుతుంది. నేను మాత్రం పొద్దున్నే రాయి ముందు నిలబడి ఒక దండం పెట్టుకుని వస్తాను. ఆ రోజంతా దానితో గడిచిపోతుంది.

13వ రోజు. 65.

గవి పెద్ద తిరుపాలమ్మ వచ్చి గ్లాసు పక్కన కూర్చుంది. డెబ్బై దాటింది. మాట తక్కువ మనిషి.

"ఏమయ్యా మద్దిలేటీ, దిగుతాండాదే."

"వాషరు మార్చినానక్కా."

"నేనడిగింది వాషరు గురించి కాదు."

ఆమె లేచి తెర దగ్గరికి పోయి, చేతులు వెనక్కి కట్టుకుని చూసింది. ముట్టుకోలేదు. ముట్టుకోదు. తలుపు మూసినాక పేరున్న యంత్రం కొలత ఎవరూ మార్చకూడదు, చేసినవాళ్ళు కూడా. ఆ నియమం పెట్టింది ఆమే. పదకొండేళ్ళ కింద ఫ్యాను చేసినాయన మధ్యలో రెక్కలు సరిచేస్తానని విప్పాడు. ఇరుసు విరిగింది. తొమ్మిది గంటలు గాలి ఆడలేదు. పల్లపు సందుల్లో పద్నాలుగు మంది పోయారు. ఫ్యాను చేసినాయన ఆమె మొగుడు. ఆ పద్నాలుగు మందిలో ఆయనా ఉన్నాడు. ఆయన పేరు గోడ మీద నుంచి తీసేసింది కూడా ఆమే.

15వ రోజు. 60.

అందరికీ తలనొప్పి. మా సందులో వాళ్ళకు మాత్రం లేదు. మిగతా సందుల నుంచి ఒకరొకరే చాపలు చంకలో పెట్టుకుని వచ్చి మా గోడల కింద చేరుతున్నారు. దస్తగిరి పెళ్ళాం మాబున్ని గోడకు వీపు ఆనించి గట్టిగా ఊపిరి పీల్చి, "మద్దిలేటి మామా, నీ సందు బంగారం గాను! మా సందులో ఊపిరి తీసుకుంటే తడిగుడ్డ మింగినట్టుండాది," అంది. వీపంతా తెల్లగా అంటింది, దులుపుకోను కూడా లేదు.

ఎందుకు? ఫ్యాను మాకు దూరం. తెర ఇంకా దూరం. నా గోడల మీద సున్నం తప్ప ఈ సందులో ఏం తేడా ఉంది?

16వ రోజు. 58.

రాయాలో వద్దో తెలియడం లేదు. రాస్తాను.

చచ్చిన సున్నం గుట్ట దగ్గరికి పోయి ఒక పట్ట విరిచాను. పైన గవ్వలా గట్టిగా ఉంది. లోపల పిండిలా మెత్తగా ఉంది. బతికున్న సున్నం నాలుకకు చురుక్కుమంటుంది, చచ్చినది సుద్దముక్కలా ఉంటుంది. పై పెంకు నాకాను, ఏమీ లేదు. లోపలిది కొనవేలితో అంటించుకున్నాను. నాలుక కాలింది.

తర్వాత మా సందులోకి వచ్చి గోడను గీకి నాకాను. ఉల్లిపొరంత పూత, అడుగుదాకా చచ్చిపోయింది. అంతా గాలి తాగింది.

వేలెడు మందం మెత్తితే పైన పెంకు కడుతుంది, లోపలికి గాలి పోదు. మేం పారేస్తున్నదాంట్లో సగానికి పైగా బతికే ఉంది. నిరుడు తెరను తిప్పి చూసినప్పుడు పై తలుపు తెరిచి ఉంది, వచ్చే గాలి వస్తూ పోయే గాలి పోతూ ఉంది కాబట్టి ఎవరికీ తెలియలేదు. గోడకైతే సున్నం నిలవాలి. గాలికైతే సున్నం చావాలి. నా బిడ్డ గాలి గురించి అడిగితే నేను గోడ గురించి చెప్పాను.

ఈ మాట బయట పెడితే తెర తప్పని తేలుతుంది. పేరుండగా కొలత మార్చనివ్వరు. మార్చాలంటే పేరు తియ్యాలి. ఒకసారి తీసిన పేరు బతికుండగా మళ్ళీ ఎక్కదు. పదిహేను రోజులే అయింది. పదిహేను రోజులు కూడా నిండా బతకని పేరు ఎవరికైనా ఉంటుందా!

కూడలిలో పలక మీద రోజూ అంకె నేనే రాస్తాను. ఈ రోజు సుద్దముక్కతో 70 అని రాశాను. ఈ పుస్తకంలో నిజమే రాశాను. ఒకే రోజుకు రెండు అంకెలు. ఇట్లాంటి పని నేను ఎన్నడూ చేయలేదు.

17వ రోజు. 55. పలక మీద 69.

18వ రోజు. 51. పలక మీద 68.

అందరూ పలక చూసి కాస్త తేలికపడి పనుల్లోకి పోయారు. నా దగ్గర చేరినవాళ్ళు కొందరు చాపలు చుట్టుకుని మళ్ళీ పల్లపు సందులకు వెళ్ళిపోయారు. ఆపుదామని నోరు తెరిచాను. ఏమని ఆపాలి? ఈ గవిలో కప్పు ఇంత కిందికి ఉందని నాకు ఇన్నేళ్ళూ తెలియలేదు. కూర్చున్నా తల మీద పెట్టినట్టే ఉంది.

19వ రోజు. 49.

మాబున్ని రోటి దగ్గర పడిపోయింది. రోకలి చేతిలోనే ఉంది. నలుగురం మోసుకొచ్చి మా సందులో పడుకోబెట్టాం. చాలాసేపటికి కళ్ళు తెరిచి, "రోకలి బరువైపోయింది మామా, అంతే," అంది. దస్తగిరి ఆమె పాదాలు రుద్దుతూ నన్ను చూశాడు.

"పలక మీద అరవై ఎనిమిది ఉంటేనే మేము మా సందుకు పోయినాం మామా."

వాడికి ఏమీ తెలియదు. ఊరికే అన్నాడు. అది నాకు ఇంకా కష్టమైంది.

నేను పలక తుడవడానికి పోయేసరికి చౌడేశ్వరి గుంట దగ్గర కూర్చుని ఉంది. నా గ్లాసు, నా పంపు, నా గీత కాగితం ఆమె ముందున్నాయి. "జోసెఫ్ బ్లాక్ దొర," అని మెల్లగా అని, దెబ్బలు లెక్కపెట్టింది. నలభై తొమ్మిదికి గీత మాయమైంది.

"నాయనా, పలక మీద అంకెలు ఎవురు రాసేది?"

"నేనే."

"నీ కండ్లు బాగుండాయి కదా?"

"బాగుండాయి బిడ్డా."

నేను గుట్టలోంచి పట్ట ముక్క తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. పెంకు విరిచి చూపించాను. లోపలిది నాలుకకు అంటించుకోమన్నాను. అంటించుకుంది, మొహం చిట్లించింది. నేను ఏడ్చాను. ముసలివాడు బిడ్డ ముందు ఏడవకూడదని నాకూ తెలుసు.

"నా మాటే బిడ్డా ఇదంతా. వేలెడు అని చెప్పింది నేను. నీ పేరు పోతాదని నోరు మూసుకున్నా."

చౌడేశ్వరి ముక్కను చేతిలో తిప్పుతూ కూర్చుంది.

"ఎనిమిదో దినమే నాకు అనుమానం వచ్చింది నాయనా."

"మరి చెప్పలేదే!"

"ఎట్ల చెప్పేది? నువ్వు పొద్దున్నే ఆ రాయి ముందర నిలబడి దండం పెడతాంటే నోరు రాలా. అమ్మ పోయినాక నిన్ను అంత సంతోషంగా ఎన్నడన్నా చూసినానా నేను?"

ఇద్దరం ఒకరి కోసం ఒకరం నోరు మూసుకుని మూడువందల మంది ఊపిరి పట్టుకుని కూర్చున్నాం. మాబున్ని దగ్గు రెండు సందుల అవతలి నుంచి వినిపిస్తూనే ఉంది.

"లే నాయనా, ముందు పలక తుడుపు," అంది నా బిడ్డ.

తుడిచి 49 అని రాశాను. మూడు రోజులుగా తప్పు రాశానని దాని కింద రాశాను. నా పేరు కూడా రాశాను.

20వ రోజు. 47.

కూడలిలో అందరం కూర్చున్నాం. దస్తగిరి నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే సరే, లేచి వెళ్ళిపోలేదు, దానికే నేను వాడికి రుణపడ్డాను. పల్లపు సందుల వాళ్ళంతా నన్ను చూస్తున్నారు. ఏ రాయి వెనకా దాక్కునే వీలు లేదు.

చౌడేశ్వరి పట్ట ముక్కను చేతి నుంచి చేతికి తిప్పించింది. ఉల్లిపొర మందం పూస్తే సున్నమంతా పనికొస్తుందనీ, గుట్టలో ఉన్నదాన్ని దంచి పెంకు జల్లిస్తే లోపలి సున్నం మళ్ళీ వాడొచ్చనీ చెప్పింది.

తిరుపాలమ్మ తల అడ్డంగా ఊపింది. "పేరుండే దాన్ని ముట్టుకోనియ్యను. ఇన్ని తరాలు బ్లాక్ దొర పేరు చెప్పుకుంటాండాం. ఆయన చెప్పింది ఎవురన్నా మార్చినారా?"

"బ్లాక్ దొర ఇంత మందం పూయండని చెప్పలేదు పెద్దమ్మా. తూకం వేసి చూడండి, నీళ్ళలోకి ఊది చూడండి అన్నాడు. దినామూ మా నాయన చేసేది అదే. ఆయన ఇచ్చిన నీళ్ళే నా తెర తప్పని చెప్తాండాయి."

"మా ఆయన గూడ తప్పు సరిచేస్తాననే అన్నాడు. ఒగ గంట పని అన్నాడు."

తిరుపాలమ్మ తన మొగుడి గురించి పదకొండేళ్ళలో నోరు తెరవడం అదే మొదలు.

చౌడేశ్వరి గొంతు తగ్గించింది. "ఫ్యాను ఆపను పెద్దమ్మా. గొలుసూ ఆపను. తిరుగుతాంటేనే ఒగ పట్ట దించుతాం, ఒగటి ఎక్కిస్తాం. బాగుంటే రెండోది. బాగులేకుంటే పాతదే మళ్ళ తగిలిస్తాం."

"ఒగోటేనా?"

"ఒగోటే."

"పేరు తీస్తే నీకు ఈ జన్మలో మళ్ళ ఎక్కదు. తెల్సునా?"

"తెల్సు."

నేను లేచాను. "అక్కా, కొలత నాది. అబద్ధం నాది. నా పేరు తియ్యి, బిడ్డది ఉండనీ."

"నీ పేరు యాడ ఉండాదయ్యా రాతి మీద?"

"బిడ్డ పేరు కింద."

"అయితే పైది తీస్తే కిందిది ఎట్ల నిలబడతాది? రెండూ పోతాయి." ఆమె చౌడేశ్వరిని చూసింది. "తియ్యండి. తీసినాకనే ముట్టుకోండి."

21వ రోజు. 45.

చెక్కడానికి మూడు రోజులు పట్టింది. తియ్యడానికి ఒక్క పూట.

ముందు "మందం వేలెడు" తీశాను, అది కష్టం అనిపించలేదు. తర్వాత నా పేరు. తర్వాత ఈరమ్మది. ఉలి పక్కకు జారింది. ఊపిరి ఆడక కాదు, నాకు కనబడలేదు. "చౌ" దగ్గరికి వచ్చేసరికి సుత్తి ఎత్తలేకపోయాను. దీపం పట్టుకుని నిలబడ్డ నా బిడ్డ దాన్ని నా చేతికిచ్చి, ఉలి తీసుకుంది.

"ఇయ్యి నాయనా."

ఎన్నడూ రాయి కొట్టిన చెయ్యి కాదు. రెండో దెబ్బకే బొటనవేలు కొట్టుకుంది. "అబ్బా!" అని చెయ్యి విదిలించి, నన్ను చూసి నవ్వింది. తలుపు మూసినప్పటి నుంచి నా బిడ్డ నవ్వలేదన్న సంగతి అప్పుడు నాకు తట్టింది. పేరు ఎక్కిన రోజు కూడా నవ్వలేదు! నా సంతోషం చప్పుడులో నాకు వినపడలేదు.

22వ రోజు. 43.

ముప్పై మంది పిల్లల్ని మా సందులోకి చేర్చాం. సందులో అడుగు పెట్టే చోటు లేదు. వాళ్ళ కాళ్ళ మధ్య నుంచి నడుచుకుంటూ తెర దగ్గరికి పోయాను. అక్కడ జాతర!

పేరు లేనిది కాబట్టి ఎవరైనా ముట్టుకోవచ్చు. ముట్టుకుంటున్నారు. పల్లపు సందుల వాళ్ళు గుట్టను రోకళ్ళతో దంచుతున్నారు, నాలుగు దెబ్బలకొకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. దస్తగిరి జల్లెడ పట్టాడు. నేను రెండో జల్లెడ తీసుకుని వాడి పక్కన కూర్చున్నాను. కాసేపటికి, "రోంత జరుగు మామా, వెలుతురుకు అడ్డమొస్తాండావు," అన్నాడు. జరిగాను. ఆ ఒక్క మాటకు నాకు పండగైంది.

పల్చగా పూయడమే రావడం లేదు. చేత్తో పూస్తే గడ్డలు కడుతోంది. చీపురుతో పూస్తే గోనె పీచు లేస్తోంది. గోడకు ఆనుకుని కూర్చోబెట్టిన మాబున్ని ఇదంతా చూసి చూసి విసుక్కుంది.

"ఏమమ్మా ఇంజినీరమ్మా, ఇడ్లీ పోస్తాండావా? దోసె పొయ్యి! నీళ్ళు కలిపి జారుగా చేసి, పట్టని పలక మీద పరిచి, గంటె అడుగుతో తిప్పి లాగు."

చౌడేశ్వరి వెంటనే, "గంటె తెండి," అని కేకేసింది.

23వ రోజు. 42. ఇరవై పట్టల్లో పదకొండు మార్చాం.

24వ రోజు. 42. దిగలేదు! దిగలేదు! ఇరవై నాలుగు రోజుల్లో మొదటిసారి దిగలేదు. అనుమానమొచ్చి మూడుసార్లు కొట్టాను. తిరుపాలమ్మను పిలిచి, నేను కొడుతుంటే ఆమె చేత లెక్కపెట్టించాను. నా లెక్కను ఇప్పుడు ఇంకొకరు సరిచూడాలని నేనే అడిగాను. 42.

25వ రోజు. 46.

27వ రోజు. 57.

పట్టలు ఆరు రోజులకు కాదు, రోజూ మార్చాలి. అందరూ వంతులు వేసుకోవాలి. చేతులకు నూనె రాసుకోవాలి, పొడుగు గంటెలు కావాలి. నా బిడ్డ తప్పించాలనుకున్న కష్టం సగం తిరిగొచ్చింది. ఇంకా నలభై ఎనిమిది రోజులు ఉంది. తలుపు రాయి చేయి పెట్టలేనంత వేడిగా ఉంది. పోయే దారి మొన్నా లేదు, ఇవాళా లేదు.

పొద్దున గొలుసు లాగేవాళ్ళ వంతు మారగానే పట్టలన్నీ దోసె పూతతో మొదటిసారి తిరగాలి. అందరూ గొలుసు చుట్టూ నిలబడ్డారు. అప్పుడొచ్చింది పేచీ.

"ఎవురి పేరు చెప్పాల?" అన్నాడు దస్తగిరి. చేతులన్నీ గొలుసుకు జానెడు దూరంలో ఆగిపోయాయి. మరమ్మతులో ఉన్నన్నాళ్ళూ తెరను ఎవరైనా ముట్టుకున్నారు, ఇప్పుడది మళ్ళీ యంత్రమైంది. పేరు పలకకుండా ఇక్కడ ఎవరూ ఏ యంత్రాన్నీ ముట్టుకోరు.

"చౌడేశ్వరి పేరు చెప్పకూడదు."

"మాబున్ని పేరు చెప్పండప్పా, దోసె ఆమెదే కదా!"

మాబున్ని రెండు చేతులూ అడ్డం ఊపింది. "వద్దు వద్దు! నా పేరు పెట్టినారంటే రేపట్నుంచి నా దోసె మందం ఎవుర్నీ మార్చనీరు. ఆమె పడిన బాధ చాలు. నాకొద్దు."

"దస్తగిరిది?"

"జల్లెడ పట్టినందుకా! పోండప్పా."

ముప్పై మంది, ఏ ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. నేను చూస్తూ నిలబడ్డాను. ఒకరి మీదికొకరు తోసుకుంటున్నారు, నవ్వుతున్నారు, మధ్యలో ఊపిరి అందక ఆగి మళ్ళీ అరుచుకుంటున్నారు. తిరుపాలమ్మ వాళ్ళను తోసుకుంటూ ముందుకు వచ్చింది. పదకొండేళ్ళుగా యంత్రాల ముందు వెనక్కి కట్టుకున్న చేతులు విప్పింది. ఎవరి పేరూ చెప్పలేదు. గొలుసు పట్టుకుని లాగింది.

పట్టలు కదిలాయి. ఒకటి, రెండు, మూడు.

"ఆగండాగండి!" చౌడేశ్వరి కింద నుంచి అరిచింది. "ఏడోది మందమైంది! గొలుసు ఆపొద్దు, దాన్ని దించండి!"

నలుగురు ఒక్కసారే చేతులు పెట్టారు.